జార్జియోనె ‘తుపాను’: అంగాంగి విచారము

వెనీసునందలి అకాదెమియా చిత్రశాలలో జార్జియోనె రచించిన ‘తుపాను’ అను తైలవర్ణచిత్రము కలదు. పదునారవ శతాబ్ది తొలి దశకమునాటి ఈ పటము నిలువు సుమారు 83, వెడల్పు 73 సెంటీమీటర్లు. ఎడమవైపున కోల పట్టి నిలుచున్న యువకుడు. కుడివైపున గట్టుపై కూర్చుండి శిశువునకు స్తన్యమిచ్చుచున్న స్త్రీ. నడుమ సెలయేరు, విరిగిన స్తంభములు, వంతెన. వెనుక నగరము, మబ్బులను చీల్చు మెరుపు.

వీరెవరు? ఇది ఏ కథ? శతాబ్దమునకు పైగా పాశ్చాత్య పండితులు ఈ ప్రశ్నతోనే కుస్తీపట్టుచున్నారు. సల్వతోరె సెత్తిస్ 1978లో వీరిని స్వర్గభ్రష్టులైన ఆదాము హవ్వలుగను, శిశువును కయీనుగను, మెరుపును దైవసూచకముగను వ్యాఖ్యానించెను. వ్యాఖ్య చక్కనిదే. కాని కథాన్వేషణమే ఇచట తొలి కర్తవ్యమా అనునది నా సందేహము.

ఇందుకు రెండు ప్రమాణములు గమనింపదగినవి. జార్జియోనె 1510లో గతించెను. ఇరువదియేండ్లకు, 1530లో, గాబ్రియేలె వెంద్రామిను ఇంట ఈ పటమును చూచిన మార్కాంతోనియో మికియేలు, తుపానుతో కూడిన చిన్న ప్రకృతిదృశ్యమని ముందు చెప్పి, పిమ్మట జిప్సీ స్త్రీని, సైనికుని పేర్కొనెను. కథ పేరెత్తలేదు. ఇక 1939లో ఎక్స్‌రే పరీక్షయందు ఎడమ భాగమున వర్ణముల అడుగున స్నానము చేయు మరియొక స్త్రీరూపము బయల్పడినది. ఆ రూపము విడిచిపెట్టిన వేరొక రచనకు చెందినదని వాదింపవచ్చును. ఈ చిత్రమునకే చెందినదైనచో, స్త్రీని తొలగించి పురుషుని నిలుపగలిగిన కర్తకు నియతమైన కథ యుండెనని చెప్పుట కష్టము. ఎట్లైనను మికియేలు వాక్యము నిలిచియే యుండును.

మన కావ్యములలో మేఘములు, మెరుపులు సాధారణముగ ఉద్దీపనవిభావములు, నాయికానాయకులు ఆలంబనములు. ఈ చిత్రమున ఆ క్రమము తారుమారైనదని నా అభిప్రాయము. యువకుడు స్త్రీవంక చూచుచున్నాడు. ఆమె మనవంక చూచుచున్నది. మెరుపును ఇరువురిలో ఎవరును చూచుట లేదు. వారికి తెలియకయే తుపాను పటమంతటిని ఆక్రమించినది. ప్రకృతి అంగి, మనుష్యులు అంగములు.

ఇట్టి చిత్రములపై ధ్వనిసిద్ధాంతమును అన్వయింపగోరు యువపరిశోధకులకు ఒక మనవి. వాచ్యము స్థిరపడనిచోట వ్యంగ్యమును ప్రకటించుట శాస్త్రమర్యాద కాదు. ఉపక్రమోపసంహారములు వాక్యక్రమమును ఆశ్రయించినవి. ఒక్క చూపున కనబడు పటమునకు అవి యథాతథముగ వర్తింపవు. కావున ముందు కనబడునదానిని పూర్తిగ వర్ణింపుడు. పిమ్మట పాఠాంతరమును పరిశీలింపుడు. అటుపై అంగాంగిభావమును నిర్ణయింపుడు. ఈ మూడును లేని సిద్ధాంతవ్యాసమున ‘ధ్వని’ యను మాట ఎన్నిమారులు వచ్చినను, పరీక్షకులు దానిని అంగీకరింపరాదు.