ఇంకొకరి బ్లాగులో మన పేరు

మన కాలేజీలో రెండో సంవత్సరం దాటగానే అందరికీ ఒక సలహా అందుతుంది. "ప్రాజెక్టులు ఎవరికైనా ఉంటాయి, నువ్వు ఏదైనా పేరున్న బ్లాగులో ఒక గెస్ట్ పోస్ట్ వేయించుకో, రెజ్యూమెలో కనపడుతుంది" అని. సలహా చెడ్డదేం కాదు. మనం దాన్ని పాటించే పద్ధతే నాకు నచ్చట్లేదు. ఒక సాయంత్రం చాట్‌జీపీటీతో "పైథాన్ నేర్చుకోవడానికి పది చిట్కాలు" రాయించుకోవడం, గూగుల్లో "రైట్ ఫర్ అస్" అని కొట్టి దొరికిన నలభై అడ్రసులకీ ఒకే మెయిల్ పంపడం, వారం రోజులు చూసి "వాళ్ళకి ఐఐటీ వాళ్ళయితేనే కావాలిలే" అని తేల్చేయడం. మా హాస్టల్ ఫ్లోర్‌లోనే ఇలా చేసినవాళ్ళు ఐదుగురున్నారు.

మన ఇంగ్లీషు బాగాలేదనో, కాలేజీ పేరు చూసో వాళ్ళు మన పోస్టులు వద్దనట్లేదని నా నమ్మకం. మనం పంపింది వాళ్ళ దగ్గర ఇప్పటికే ఉంది, అంతే. పైథాన్ చిట్కాల కోసం ఏ ఎడిటరూ కైకలూరు దాకా రానక్కర్లేదు. కైకలూరు నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ రాని విషయం పంపితే మాత్రం చదువుతారు. ఇది ఊరి మీద ప్రేమతో చెప్పే మాట కాదు, మెయిల్ తెరిచే మనిషి వైపు నుంచి ఆలోచిస్తే తేలే లెక్క.

ఆ మనిషి సంగతి కాస్త తెలుసుకుందాం. 1998లో స్టాన్‌ఫర్డ్‌లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ పేజ్‌ర్యాంక్ పద్ధతిని వివరిస్తూ పేపర్ రాశారు కదా, ఒక పేజీకి వేరే పేజీల నుంచి వచ్చే లింకుల్ని బట్టి దాని విలువ కట్టడం. అప్పటి నుంచి లింకు అంటే డబ్బయిపోయింది. లింకు సంపాదించడానికి జనం కామెంట్లలో దూరారు. దాన్ని ఆపడానికి 2005లో గూగుల్ "నోఫాలో" అనే గుర్తు పెట్టింది. అప్పుడు గెస్ట్ పోస్టుల్లో దూరారు. గూగుల్‌లో వెబ్ స్పామ్ టీమ్ నడిపిన మాట్ కట్స్ 2014 జనవరిలో, లింకుల కోసం గెస్ట్ బ్లాగింగ్ చేస్తున్నవాళ్ళు ఇక ఆపేయడం మంచిదని తన బ్లాగులోనే రాశాడు. మంచి రచనల కోసం అతిథుల్ని పిలవడం గురించి కాదు తన మాట అని తర్వాత వివరణ కూడా ఇచ్చుకున్నాడు. 2019లో డబ్బిచ్చి పెట్టించిన లింకుకి "స్పాన్సర్డ్" అనే వేరే గుర్తు వచ్చింది. ఇంత జరిగాక, ముక్కూ మొహం తెలియనివాళ్ళు "మీ బ్లాగుకి ఫ్రీగా ఆర్టికల్ రాసిస్తాను సర్" అని మెయిల్ పెడితే, వీడి వెనక ఎవడున్నాడు అనే కదా ఎడిటర్‌కి ముందు తోచేది. మనకి జవాబు రాకపోవడానికి సగం కారణం మనకన్నా ముందు వచ్చినవాళ్ళే.

ఆ "వెనక ఉన్నవాడు" మన దాకా కూడా వస్తాడు. మా ఫ్లోర్‌లో ఒకమ్మాయి ఆర్టికల్ ఒక సైట్‌లో వచ్చిన నెలకి ఎవరో ఏజెన్సీ అని మెయిల్ పెట్టారు. తర్వాతి ఆర్టికల్‌లో ఒక వాక్యం, ఒక లింకు పెడితే డబ్బిస్తామని. లింకు తెరిచి చూస్తే క్రికెట్ బెట్టింగ్ యాప్. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ పందేలు 2020లోనే నిషేధించారు. నిషేధం లేకపోయినా నా వాదన అదే. నమ్మి చోటిచ్చినవాళ్ళ పేజీలో వాళ్ళకి తెలియకుండా ఇంకొకళ్ళ సరుకు పెట్టడం అది. ఆ అమ్మాయి వద్దంది. వద్దనడం అంత సులువేం కాదు, ఆ నెల మెస్ బిల్లు దాంతో తీరిపోయేది.

ఇక మన దగ్గర ఏముంది అన్న సంగతి. నేను హార్డ్‌వేర్ మీద రాసే ఒక చిన్న బ్లాగుకి గెస్ట్ పోస్ట్ రాశాను. దాన్ని నడిపేది ఒక్క మనిషే. విషయం చేపల చెరువులో ఆక్సిజన్ కొలవడం. ఈఎస్‌పీ32 బోర్డు, ఒక ప్రోబ్, మొబైల్‌కి మెసేజ్. చెప్పాలంటే యూట్యూబ్‌లో ఇలాంటివి కొల్లలు. ఆయన జవాబులో ఉన్నది ఒకటే ప్రశ్న: "ప్రోబ్ చెరువులో ఎక్కడ పెట్టారు, అక్కడే ఎందుకు?"

ఆ జవాబు మా బాబాయిది. పగలు నీళ్ళలోని నాచు, ప్లవకాలు ఎండకి ఆక్సిజన్ తయారు చేస్తాయి, రాత్రి అవే వాడుకుంటాయి. అందుకే ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. ముందు రోజు మబ్బు పట్టి ఉంటే ఇంకా ఘోరం. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఆ టైముకి ఏరియేటర్ వెయ్యకపోతే పొద్దున్నకి చెరువంతా తెల్లగా తేలిపోతుంది. ఇది పుస్తకాల్లోనూ ఉంది. పుస్తకాల్లో తక్కువగా కనపడేది మా వైపు మేత పెట్టే పద్ధతి. తవుడు, చెక్క కలిపి సంచుల్లో నింపి, సంచులకి చిల్లులు పెట్టి, చెరువులో పాతిన కర్రలకి కడతారు. బొచ్చె, శీలావతి వచ్చి చిల్లుల్లోంచి లాక్కు తింటాయి. నేను ప్రోబ్‌ని కూడా ఆ కర్రకే కట్టేస్తే పని అయిపోతుంది కదా అంటే బాబాయి ఎగాదిగా చూసి, "అమ్మాయ్, మేత కాడ చేపలన్నీ ఒకచోట పడి ఉంటాయి. అక్కడ గాలి తక్కువే చూపిస్తది. పెళ్ళి భోజనాల బంతిలో నిలబడి ఊళ్ళో జనాభా లెక్క రాస్తావా ఏంటి?" అన్నాడు.

ఆ మాట పెట్టాను. సంచుల దగ్గర ఒకటి, గట్టుకి దూరంగా ఒకటి, రెండు చోట్ల రీడింగులు పెట్టాను. నాలుగు రోజులకి ప్రోబ్ మీద పాచి పట్టి, చెరువులో ఏమీ మారకుండానే అంకెలు దిగిపోయిన గ్రాఫ్ కూడా పెట్టాను. ఎడిటర్ నా ఇంట్రోలో "ఐఓటీ ప్రపంచాన్ని మార్చేస్తోంది" టైపు పేరాలు రెండు పూర్తిగా కొట్టేసి, ఆర్టికల్‌ని సంచుల దగ్గర నుంచి మొదలుపెట్టమన్నాడు. మూడు సార్లు తిరగరాశాక వేశాడు. మూడు సార్లు అంటే విసుగొచ్చిన మాట నిజం. కానీ నాలుగు సెమిస్టర్లలో నా రాతని ఇంత శ్రద్ధగా చదివినవాళ్ళు ఇంకొకరు లేరు. గెస్ట్ పోస్టుకి అసలు జీతం అదే అంటాను నేను. లింకు ఎలాగూ నోఫాలోనే.

ఇదంతా ఇంగ్లీషు సంగతి. తెలుగులో రాసి పంపడం గురించి మనలో ఎవరూ మాట్లాడరు, అక్కడ తలుపులు ఇంకా తెరిచే ఉన్నాయి. "ఈమాట" 1998 నుంచీ నడుస్తోంది (గూగుల్ పుట్టిన ఏడాదే!). రచనని సమీక్షకులతో చదివించి, మార్పులు అడిగి, అప్పుడు వేసే పత్రిక అది. మనం కాన్ఫరెన్స్ పేపర్లకి చూసే పద్ధతి కథలకీ వ్యాసాలకీ ఉందని తెలిసి నేను ఆశ్చర్యపోయాను. అచ్చు పత్రికలకైతే ఇంకా పాత మర్యాద ఒకటుంది, హామీపత్రం. ఈ రచన నా సొంతం, అనువాదం కాదు, అనుసరణ కాదు, ఇంకెక్కడా రాలేదు, ఇంకెవరి పరిశీలనలోనూ లేదు అని సంతకం పెట్టివ్వాలి. మన నలభై మెయిళ్ళ పద్ధతి ఈ ఒక్క కాగితం ముందు నిలబడదు. చాట్‌జీపీటీ రాసిన దాని కింద "నా సొంతం" అని సంతకం ఎలా పెడతామో కూడా ఆలోచించుకోవాలి. సొంత బ్లాగులోనో ఫేస్‌బుక్‌లోనో పెట్టేసినదాన్ని కూడా ప్రచురితమైనట్టే లెక్కేసే పత్రికలున్నాయి, కాబట్టి పంపే ముందు వాళ్ళ నియమాలు చదవండి.

తెలుగు వికీపీడియా ఉంది కదా, అక్కడ ఎవరినీ అడగక్కర్లేదు కదా అని ఒక ఫ్రెండ్ అన్నాడు. 2003లో మొదలైన ఆ వికీలో రాయడం మంచి పనే. కానీ అది వేరే పని. అక్కడ సొంత పరిశోధనకి చోటు లేదు, ప్రతి మాటకీ ఎక్కడో అచ్చయిన ఆధారం చూపాలి. మా బాబాయి మాట ఎక్కడా అచ్చవలేదు. అలాంటి మాటకి ముందు ఒక పత్రికలోనో బ్లాగులోనో చోటు దొరకాలి.

నా రెండో ప్రయత్నం తెలుగులో, కొల్లేరు మీద. నాది ఇంగ్లీషు మీడియం చదువు. ఒత్తులు ఇప్పటికీ అమ్మకి ఫోన్ చేసి అడుగుతాను. అయినా రాయాలనిపించింది, ఎందుకంటే కొల్లేరు గురించి బయటివాళ్ళు రాసేవి రెండే రకాలు. ఒకటి ఆటపాకలో పెలికాన్ల ఫోటోలు. రెండోది చెరువుల వాళ్ళు సరస్సుని మింగేశారన్న కోపం. రెండూ అబద్ధం కాదు. 1999లో ఐదో కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది, 2006లో ఆ హద్దు లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. నేను రాసింది, ఆ హద్దు గీతకి రెండు వైపులా ఉన్న ఊళ్ళలో జనం ఆ గీత గురించి ఎలా మాట్లాడుకుంటారని.

పంపిన పత్రిక ఎడిటర్ మేడం భాష దిద్దలేదు ముందు. "ఈ విషయంలో మీ కుటుంబానికి ఏమైనా సంబంధం ఉందా? ఉంటే పాఠకులకి చెప్పాలి" అని అడిగారు. ఉంది. బాబాయి చెరువులు హద్దుకి బయటే, కానీ చెరువులు చెరువులే. ఇంట్లో చెప్తే బాబాయి, "ఊరి గొడవలో మన పేరెందుకమ్మా, చేపల గురించి రాసుకో చాలు" అన్నాడు. వారం రోజులు ఫోన్లు నడిచాయి. నాకు ఆ వాక్యం లేకుండా వేయించుకోవడం ఇష్టం లేదు, బాబాయిని ఇరికించడమూ ఇష్టం లేదు. చివరికి "మా దగ్గరి బంధువులకి అభయారణ్యం బయట చేపల చెరువులున్నాయి" అని మొదటి పేరాలోనే రాశాను. బాబాయి ఒప్పుకున్నాడు అనను, ఊరుకున్నాడు. వ్యాసం ఇంకా పరిశీలనలోనే ఉంది. రాకపోవచ్చు కూడా. అయినా ఆ ప్రశ్న అడిగే చోటికే పంపాలని నా అభిప్రాయం, ఏది పంపినా మర్నాటికి వేసేసే చోట మన పేరుకి వచ్చే విలువ ఏం లేదు.

"కష్టపడి రాసింది ఇంకొకళ్ళకి ఎందుకివ్వాలి, సొంత బ్లాగులో పెట్టుకోవచ్చుగా" అని అడిగేవాళ్ళకి ఒక మాట. పెట్టుకోండి. కొన్ని పెద్ద సైట్లు అతిథుల రాతతో ఊరికే పేజీలు నింపుకుంటున్నాయన్నది కూడా నిజమే. హక్కులు ఎవరివి, తర్వాత మన బ్లాగులో మళ్ళీ వేసుకోనిస్తారా, తీసెయ్యమంటే తీసేస్తారా, ఇవి ముందే అడగాలి. అడిగితే చిరాకు పడేవాళ్ళకి ఇవ్వద్దు. కానీ మన బ్లాగు చదివేది మన క్లాసువాళ్ళే, వాళ్ళు "సూపర్" అని పెడతారు. ప్రోబ్ ఎక్కడ పెట్టావని అడగరు.

మెయిల్ ఎలా రాయాలని జూనియర్స్ అడుగుతున్నారు. చిన్నగా రాయండి. వాళ్ళ బ్లాగులో మీరు నిజంగా చదివిన ఒక పోస్టు పేరు, అందులో లేనిది మీ దగ్గర ఏముందో రెండు వాక్యాలు, అది మీకెలా తెలుసో ఒక వాక్యం. "డియర్ సర్ ఆర్ మేడం" వద్దు, బ్లాగు నడిపేవాళ్ళ పేరు అదే పేజీలో ఉంటుంది. పది రోజులు ఆగి ఒక్కసారి గుర్తు చేయండి, తర్వాత ఇంకొకళ్ళకి పంపండి. ఒకేసారి ఇద్దరికి మాత్రం వద్దు.

మన పత్రికకి కూడా ఒక విన్నపం. ఫస్ట్ ఇయర్ వాళ్ళు పంపినవి మనం ఒక్క మాట చెప్పకుండా పక్కన పెట్టేస్తున్నాం. వెనక్కి పంపేటప్పుడు కనీసం ఒక ప్రశ్న రాసి పంపుదాం, నేను నెలకి ఐదు చదవడానికి రెడీ.

రాయడానికి ఏమీ లేదనేవాళ్ళకి రెండు ఇస్తున్నాను, నేను రాయలేనివి. ఆకివీడు వైపు వాళ్ళెవరైనా ఉంటే, ఉప్పుటేరులోకి సముద్రపు నీళ్ళు ఎగదన్నినప్పుడు మీ ఊరి బోరు నీళ్ళ రుచి ఎలా మారుతుందో నెలనెలా కొలిచి రాయండి. ఇంట్లో చేపల లారీలున్నవాళ్ళు, మన దగ్గర ఐసు కొట్టి ఎక్కించిన లోడు బెంగాల్ చేరేసరికి ఎంత ఐసు మిగులుతుందో డ్రైవర్‌ని అడిగి రాయండి. ఎవరికి పంపాలో నా దగ్గర రెండు పేర్లున్నాయి, లైబ్రరీలో కనపడితే అడగండి.