ఒంటిగాడి కలగూరగంప

(బి.యస్సీ. చివరి సంవత్సరం విద్యార్థి)

చదువుకోసం ఊరు విడిచివచ్చి, గది అద్దెకు తీసుకుని, సొంతంగా వండుకు తింటున్న మిత్రుణ్ణి ఎవరినైనా అడిగి చూడండి, "ఏమప్పా, కూరగాయలు తింటున్నావా?" అని. దాదాపు అందరూ చెప్పే జవాబు ఒకటే. "ఒక్కడికి కూరగాయలేంది? కొంటే సగం కుళ్ళబెట్టి పారేయాల్సిందే. నాయన పంపిన దుడ్డు చెత్తకుండీలో వేయడానికా?" ఈ జవాబు వినడానికి చాలా పొదుపుగా, బాధ్యతగా ఉంటుంది. అందుకే ఎవరూ ఎదురు చెప్పరు. ఫలితమేమంటే, మన వీధుల్లో గదులు తీసుకున్నవారి వంట రెండు గడ్డలూ ఒక గుడ్డూ మీద నడుస్తోంది: ఉర్లగడ్డ, ఎర్రగడ్డ, కోడిగుడ్డు. అది విసుగొచ్చిన రోజు కర్రీ పాయింటు పొట్లం. ఇంకా విసుగొస్తే ఫోనులో నొక్కి బిరియానీ.

నేను ఎదురు చెప్పదలచుకున్నాను. ఒక్కడికి కూరగాయలు ఎక్కువవుతాయన్న మాట తప్పు. లెక్క ప్రకారమే తప్పు.

హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనలలో మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలతో సహా, తినమని చెప్పింది. పండ్లు మరో 100 గ్రాములు, అవి వేరు. ఏడు రోజులకు ఎంతయింది? 2 కిలోల 800 గ్రాములు. అంటే ఒంటరిగా ఉన్న విద్యార్థికి వారానికి దగ్గర దగ్గర మూడు కిలోల కూరగాయలు కావాలి! కిలో వంకాయలు కొనడానికి భయపడేవాడు నిజానికి తనకు కావలసినదానిలో మూడోవంతుకే భయపడుతున్నాడన్నమాట. మరి ఆ కిలో ఎందుకు కుళ్ళుతోంది? ఎందుకంటే మన పళ్ళెంలో అన్నం కొండంత, కూర గోరంత. కూర అంటే అన్నంలోకి నంజుకునే వస్తువని మన అభిప్రాయం. 100 గ్రాముల కూరతో మూడు గరిటెల అన్నం లాగించేవాడికి కిలో కూరగాయలు పది రోజులొస్తాయి. వంకాయ పది రోజులు ఆగుతుందా?

రెండో కారణం, ఒకే రకం కొనడం. సంతలో "కిలో ఇరవై, మూడు కిలోలు యాభై!" అన్న కేక వినగానే మనవాడి చెయ్యి సంచీలోకి పోతుంది. పది రూపాయలు మిగిలాయని సంతోషం. కానీ మూడు పూటలు వరుసగా వంకాయ తిన్నవాడికి నాలుగో పూట ఆ వంకాయ మొహం చూడబుద్ధి కాదు. అది ఎవరి తప్పూ కాదు, నాలుక స్వభావం. ఇంట్లో మన అమ్మలు కిలోల లెక్కన కొంటారు, నిజమే, కానీ ఆ ఇంట్లో ఆరుగురు తింటారు. ఆ కొలతను మనం యథాతథంగా గదికి మోసుకొచ్చాం. పావుకిలో అడగడానికి నామోషీ. 1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలుపెట్టిన రైతు బజార్లకు పోయి చూడండి. కూరగాయ పండించినాయనే త్రాసు ముందు కూర్చుని ఉంటాడు. పావుకిలో బెండకాయలడిగితే ఆయనేమీ చిన్నచూపు చూడడు. నేను మా నాయన పక్కన కూర్చుని అమ్మినవాణ్ణి కనుక చెబుతున్నాను: పదిమంది పావుకిలోలు తీసుకుంటే, ఇద్దరు కిలో తీసుకున్నదానికన్నా గంప తొందరగా ఖాళీ అవుతుంది.

ఇక మన సైన్సు కొంచెం. (ఆర్ట్స్ మిత్రులు విసుక్కోకండి, రెండు పేరాలే.) కోసిన కూరగాయ చచ్చిపోయిందని మనం అనుకుంటాం. కాదు, అది బతికే ఉంటుంది. శ్వాస పీలుస్తూనే ఉంటుంది. తనలో దాచుకున్న చక్కెరలను ఖర్చు పెట్టుకుంటూ, నీటిని ఆవిరిగా వదులుతూ, మెల్లమెల్లగా ముసలిదవుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ శ్వాసక్రియ వేగం సుమారు రెండింతలో మూడింతలో అవుతుంది. మన రేకుల గదుల్లో మధ్యాహ్నం పూట దాని గతి ఊహించుకోండి. ఆకు పలచన, వెడల్పు. అందుచేత నీరు తొందరగా పోయి వాడుతుంది. గుమ్మడికాయకు మందపాటి తోలు. అది నెలలు కదలకుండా కూర్చుంటుంది. పండిన అరటిపండు, టమోటా, మామిడి ఇథిలీన్ అనే వాయువును వదులుతాయి. వాటి పక్కన పెట్టిన ఆకుకూర రేపటికి పసుపు పట్టడానికి కారణం అదే. ఉర్లగడ్డలూ ఎర్రగడ్డలూ ఒకే బుట్టలో వేయకూడదు. ఉర్లగడ్డకు చీకటి కావాలి, లేకపోతే పచ్చబడి విషపదార్థం పెరుగుతుంది. ఆ పచ్చటి భాగం తినకూడదు.

సంతలో ఇచ్చిన ప్లాస్టిక్ కవరులోనే మూడు రోజులు వదిలేస్తే లోపల చెమట పట్టి కుళ్ళు మొదలవుతుంది. తీసి, ఆరబెట్టి, పాత నూలుగుడ్డలో చుట్టి పెట్టడానికి అయిదు నిమిషాలు చాలు. కొత్తిమీర కాడలు లోటాడు నీళ్ళలో నిలబెడితే పూలకొమ్మలాగా నిలబడుతుంది. క్యాబేజీని అడ్డంగా కోయకుండా పైనుంచి ఆకు ఆకుగా ఒలుచుకుంటూ వస్తే మిగిలిన గడ్డ వారం నిలుస్తుంది. ఫ్రిజ్ లేదని బాధపడేవారికి ఒక మాట: వంకాయ, బెండకాయ, దోసకాయ వేడి దేశపు బిడ్డలు, మరీ చల్లదనం వాటికి పడదు. ఫ్రిజ్‌లో నాలుగు రోజులుంటే గుంటలు పడి నల్లబడేది అందుకే.

ఢిల్లీ పూసాలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థవారు 1980 దశకంలో ఇటుకలతో రెండు వరుసల గోడ కట్టి, మధ్యలో ఇసుక పోసి తడుపుతూ, కరెంటు అవసరం లేని చల్లగది తయారుచేశారు. దానికి పేదవాడి నమూనా నా గదిలో ఉంది: పెద్ద బాన, అందులో తట్టెడు ఇసుక, మధ్యలో కుండ, పైన తడి గోనెపట్ట. పొద్దున, సాయంత్రం చెంబెడు నీళ్ళు. పాలకూర బయట ఒక్కరోజు ఆగితే ఇందులో రెండు, ఒక్కోసారి మూడు రోజులు ఆగుతోంది. మన రాయలసీమ పొడిగాలికి ఇది బాగా పనిచేస్తుంది. విశాఖపట్నంలో చదివే మిత్రుడు చేసి చూసి, అంత లాభం లేదన్నాడు. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, నీరు ఆవిరి కాదు, కుండ చల్లబడదు.

వండుకునే వరుసను నేను ఇలా పెట్టుకున్నాను: ఆదివారం ఆకు, శనివారం గడ్డ. సంతరోజునా మరునాడూ తోటకూర, చుక్కకూర, పాలకూర. ఆ తరువాత బెండ, బీర, వంకాయ, చిక్కుడు, మటిక్కాయలు. వారం చివరికి క్యారెట్, బీట్‌రూట్, క్యాబేజీ, చేమగడ్డ, గుమ్మడిబద్ద. నడుమ మిగిలిన తలా ఒకటి, రెండు బెండకాయలు, ఒక ముల్లంగి, సగం దోసకాయ, ఇవన్నీ శుక్రవారం పులుసులోకి పోతాయి. మా వైపు పెద్దపండగకు అన్ని కూరగాయలూ కలిపి కలగూర పులుసు పెడతారు. ఆ రుచికి ఏడాదంతా ఎదురుచూస్తాం. దాన్ని వారం వారం చేసుకోవడానికి ఏ పంచాంగమూ అడ్డు రాదు.

తొక్కల సంగతి చెప్పకపోతే మా అవ్వ ఒప్పుకోదు. బీరకాయ పొట్టు, సొరకాయ తొక్క కాస్త నూనెలో మగ్గించి, ఎండుమిరపకాయ, చింతపండు వేసి నూరితే ఊరిబిండి. ముల్లంగి ఆకు, బీట్‌రూట్ ఆకు పప్పులోకి. కాలీఫ్లవర్ కాడ సన్నగా తరిగితే వేపుడు. మటిక్కాయలు, వంకాయలు అగ్గువగా దొరికిన రోజున ఉప్పునీళ్ళలో ఒక పొంగు రానిచ్చి మిద్దెమీద ఎండేస్తే ఒరుగులు, వానాకాలానికి పనికొస్తాయి. సి విటమిను పోతుంది గాని పీచు, ఖనిజాలు ఎక్కడికీ పోవు. అయితే ఏదీ పారేయకూడదన్న పట్టుదలలో ఒక జాగ్రత్త మరువకండి. చేదుగా ఉన్న సొరకాయను ఎంత డబ్బు పెట్టి కొన్నా సరే పారేయాల్సిందే. ఆ చేదు ఒంటికి హాని చేస్తుంది, ప్రాణం మీదికి కూడా తెస్తుంది.

ఇది కేవలం పొదుపు విషయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. మన రాష్ట్రం లెక్క దానికన్నా కొంచెం ఎక్కువే, 58.8. ఆ నూటికి 58లో మన తరగతి గదుల్లో కూర్చున్న చెల్లెళ్ళు, అక్కలు లేరా? లాబులో కళ్ళు తిరిగి పడిపోతే గ్లూకోజు నీళ్ళిచ్చి ఇంటికి పంపుతున్నాం గాని, పొద్దున ఏం తిన్నావని అడుగుతున్నామా? రక్తహీనత ఒక్క ఆకుకూరతో పోదు, పరీక్ష, మందు కావాలి, నిజమే. కానీ రోజూ ఆకు, దాని మీద అర నిమ్మచెక్క పిండుకోవడం (నిమ్మలోని సి విటమిను ఇనుమును ఒంటబట్టిస్తుంది), భోజనం అయీకాగానే టీ తాగకపోవడం, ఈ మూడింటికి ఏ డాక్టరు చీటీ అక్కరలేదు. ఇక మగపిల్లలం మనం. "వంట ఆడవాళ్ళ పని" అని పైకి అనడం మానేశాం గాని, వంకాయ గుత్తిగా కోయడం రాదని గర్వంగా చెప్పుకోవడం మాత్రం మానలేదు. టైట్రేషనులో బొట్టు బొట్టు కొలిచే చేతికి ఉప్పు కొలవడం రాదంటే నమ్మాలా?

రైతు బిడ్డగా ఇంకొక్క మాట. 2023 జూలైలో టమోటా కిలో నూరు రూపాయలు దాటినప్పుడు దేశమంతా గగ్గోలు పెట్టింది. మదనపల్లె మార్కెట్టు పేరు ఢిల్లీ పత్రికలకెక్కింది. అదే ఏడాది సెప్టెంబరుకు కర్నూలు వైపు రైతులు అదే టమోటాను రోడ్డు పక్కన పారబోశారు. అందరం టమోటాలే వేశాం గనుక. అందరం టమోటాలే ఎందుకు వేశాం? కొనేవాళ్ళు అవే ఎక్కువ అడుగుతారు గనుక. మా చేలో గట్టుమీద మా అమ్మ వేసే అనప, బుడమకాయ, గంగవాయిలాకు సంతకు తీసుకుపోతే, పేరు తెలియని పట్నపు పిల్లలు ముట్టుకోకుండా పోతారు. నాలుగు రకాలు తినే జనం ఉంటే నాలుగు రకాలు వేసే రైతు ఉంటాడు. గిట్టుబాటు ధర, నిల్వ గిడ్డంగి, దళారి సంగతి ఇవన్నీ పెద్ద సమస్యలు. నా పావుకిలో వాటిని తీర్చదని నాకు తెలుసు. కానీ గదిలో కుళ్ళబెట్టి పారేసిన వంకాయ వెనక ఎన్ని తడుల బోరు నీళ్ళున్నాయో లెక్క గట్టగలిగినవాడికి దాన్ని చెత్తలో వేయడానికి చెయ్యి రాదు.

ఇక పని సంగతి. మా మేడమీద నాలుగు గదులు, నలుగురం. నిరుడు ఆగస్టు నుంచి ఒక "కూరగాయల చీటీ" నడుపుతున్నాం. పాట లేదు, కమీషను లేదు! ఆదివారం ఒక్కొక్కరం ఒక్కో రకం కిలో తెస్తాం, నాలుగు భాగాలు చేసుకుంటాం. బుధవారం మళ్ళీ నాలుగు రకాలు. మొత్తం మనిషికి ఎనిమిది రకాలు, రెండు కిలోలు, అదీ కిలో ధరకే. ఆకుకూర మాత్రం ఎవరిది వారు కట్టల లెక్కన కొనుక్కుంటారు. పైన చెప్పిన 2 కిలోల 800 గ్రాములకు దాదాపు చేరినట్టే. తగాదాలు రాలేదా అంటే వచ్చాయి. ఒకాయన వరుసగా మూడు వారాలు సొరకాయే తెచ్చాడు, అగ్గువని. ఇంకొకాయన బీన్సు తెచ్చి మొహం ముడుచుకున్నాడు. అప్పటినుంచి ధర గోడమీద కాగితంలో రాస్తాం, నెలాఖరుకు సరిచేస్తాం, ఒకే రకం రెండు వారాలు వరుసగా తేకూడదు. కాకరకాయ వంతు వచ్చిన రోజున తన పావుకిలో నాకిచ్చి నా బెండకాయలు పట్టుకుపోయే మిత్రుడొకడు ఇప్పటికీ ఉన్నాడు. ఆ బేరం నాకు లాభమే గనుక మాట్లాడను. ఇప్పుడు ఇంటినుంచి ఫోను వచ్చి మా అమ్మ "ఏం కూరాకు చేసుకుంటివి నాయనా?" అని అడిగితే, రోజుకో పేరు చెప్పగలుగుతున్నాను.

దీన్ని మేడకే పరిమితం చేయడం ఎందుకు? మన విద్యార్థి సంఘంవారికి నా విన్నపం ఇది. గ్రంథాలయం వరండాలో ఉన్న నోటీసు బోర్డులో ఒక మూల ఇవ్వండి. వీధుల వారీగా, గదుల్లో వండుకునేవారి పేర్లు అక్కడ రాసుకుంటారు, నలుగురు నలుగురుగా కలుస్తారు. బదిలీ మీద వచ్చి ఒంటరిగా ఉంటున్న అధ్యాపకులు కూడా కొందరున్నారు. వారు మన్నిస్తానంటే వారి పేర్లకూ చోటుంది. సంఘం నిధిలోంచి ఒక చిన్న త్రాసు కొనిస్తే చాలు. జతలు కలిపే పని, లెక్క రాసే పని నేను చూసుకుంటాను. ప్రతి ఆదివారం ఉదయం ఆరున్నరకు మా నలుగురం రైతు బజారు గేటు దగ్గరే ఉంటాం. సంచీ మాత్రం ఎవరిది వారు తెచ్చుకోవాలి.