నొప్పి దాచుకొనవద్దు, నాయనా



గత నెల ప్రొద్దుటూరులో మన సంఘ కుటుంబమొకటి కబురు పెడితే వెళ్లాను. వారి ఒక్కగానొక్క కుమారుడు వాయుసేనలో యుద్ధ విమాన పైలట్. దుండిగల్ అకాడమీలో శిక్షణ ముగించిన దినము తీసిన ఫొటో గోడకు ఉంది. దాని క్రింద తల్లి కన్నీళ్లతో కూర్చుని ఉంది.

"అయ్యగారూ, మా వానికి నడుము నొప్పంట. నాతో చెప్పలేదు, చెల్లెలితో చెప్పినాడు. డాక్టర్లకు తెలిస్తే విమానం ఎక్కనీయరంట. పులివెందుల సంబంధం మాట్లాడుకున్యాం. వాళ్లేమనుకుంటారో! పరీక్షలో ఏమీ బయటపడకుండా ప్రార్థన చేయండి" అన్నది.

ఆ మాటకు నేను వెంటనే మోకరించలేకపోయాను. బిడ్డ బాగుపడాలని అడుగుదుము గాని, నొప్పి దాగి ఉండాలని దేవుని ఎట్లు అడుగుదుము?

యుద్ధ విమానము వేగముగా మలుపు తిరిగినప్పుడు పైలట్‌కు తన శరీర బరువు ఒక్కొక్కసారి 9 రెట్ల వరకు అనిపిస్తుంది. మెడ, వెన్నెముక ఆ భారము మోయాలి. అందుకే వాయుసేనలో పైలట్లకు ఏటేటా వైద్య పరీక్ష ఉంటుంది. లోపము కనబడితే కొంతకాలము నేల మీద ఉంచి, చికిత్స చేసి, మరల పరీక్షిస్తారు. అవసరమైతే బెంగుళూరులోని వైమానిక వైద్య సంస్థకు పంపుతారు. ఇది శిక్ష కాదు. దాచిన నొప్పి ఆకాశములో తిరగబెడితేనే ప్రమాదము.

వారికి కంభంపాటి నచికేత సంగతి గుర్తు చేశాను. 1999 కార్గిల్ యుద్ధములో, మే 27న, ఈ తెలుగు యువకుడు నడుపుతున్న మిగ్-27 ఇంజను ఆగిపోయింది. సీటుతో సహా బయటపడి ప్రాణము దక్కించుకున్నాడు గాని పాకిస్తాన్ సైనికులకు చిక్కాడు. జూన్ 3న విడుదలయ్యాడు. వెన్నుకు తగిలిన దెబ్బ వలన యుద్ధ విమానములు విడిచిపెట్టవలసి వచ్చింది. అయినను తరువాత పెద్ద రవాణా విమానములు నడిపి, గ్రూప్ కెప్టెన్ హోదాకు చేరాడు. ఒక తలుపు మూయబడినా ఆయన సేవ ఆగలేదు.

అప్పటివరకు మౌనముగా ఉన్న నాయనమ్మ నోరు విప్పింది. ఆమె జమ్మలమడుగు క్యాంబెల్ ఆస్పత్రిలో నర్సుగా పనిచేసిన మనిషి. "నొప్పి చెప్పుకున్నోళ్లు లేచి ఇంటికి పోతారు. దాచుకున్నోళ్లతోనే మాకు కష్టం. వానికి ఫోన్ చేయండి" అన్నది.

తల్లి ఫోన్ చేసింది. "నాయనా, నువ్వు విమానం నడిపినా నడపకపోయినా నా కొడుకువే. డాక్టర్లకు చెప్పు" అన్నది. అవతల చాలాసేపు మాట లేదు. తరువాత "సరే మా" అన్నాడు. అప్పుడు అందరము మోకరించాము.

ఇప్పుడతడు చికిత్సలో ఉన్నాడు. మరల ఎగురునో లేదో వైద్యులు ఇంకా చెప్పలేదు. పులివెందుల వారికి తండ్రే వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. "అబ్బాయి కోలుకోనీయండి, తొందరేముంది" అన్నారట.

కపెర్నహూములో కుమారుడు రోగియై ఉండగా, ఆ ప్రధాని తన హోదా చూచుకొనలేదు. కానా వరకు వెళ్లి, కుమారుని స్థితి దాచక ప్రభువుకు చెప్పుకున్నాడు. తల్లిదండ్రులారా, పిల్లల యూనిఫారము మనకు గౌరవమే. ఆ గౌరవము పోతుందని వారు మనవద్ద నొప్పి దాచుకొనేటట్లు చేయుచున్నామా? ఈ రాత్రి దూరాన ఉన్న మీ బిడ్డకు ఫోన్ చేసి, ఉద్యోగము సంగతి కాదు, ఒంట్లో ఎట్లున్నదో అడగండి.

ప్రార్థన: ప్రభువా, దూరాన ఉన్న మా బిడ్డలను కాపాడుము. వారు నిజము చెప్పగల ఇండ్లుగా మా ఇండ్లను చేయుము. ఆమేన్.