పాత సామాన్ల కొట్టులో ఒక బైబిలు



గత నెల ఒక శనివారం మా అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు, నేను జాలరిపేట నుండి బస్సెక్కి విశాఖపట్నం వన్‌టౌన్‌కు వెళ్లాము. పాత సామాన్ల కొట్లు చూడాలని పిల్లల కోరిక. ఇత్తడి బిందెలు, గోడ గడియారాలు, గ్రామఫోను పెట్టెలు చూస్తూ తిరిగాము. ఒకచోట రుబ్బురోలును చూసి, "ఇది కూడా అమ్ముతారేటి? మన దొడ్లో పడుంది కదా నాయనా!" అని అమ్మ నవ్వింది.

పాత వస్తువులకు మన పట్టణం పేరు పొందినదే. 18, 19 శతాబ్దాలలో ఇక్కడి పనివారు గంధపుచెక్కతో, దంతముతో చేసిన పెట్టెలు నేడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ సంగతి పిల్లలకు చెబుతుండగానే, ఒక మూల పురికొస కట్టిన పాత తెలుగు బైబిలు కనబడింది.

విప్పి చూశాను. మొదటి పేజీలో సిరాతో ఒక పెండ్లి, అయిదుగురు పిల్లల పుట్టుక, వారి బాప్తిస్మములు, రెండు మరణాలు రాసి ఉన్నాయి. తరువాత అంతా ఖాళీ.

"ఎవరో ఇల్లు ఖాళీ చేసినప్పుడు కాగితాలతోపాటు తూకానికి వచ్చిందండి" అన్నాడు కొట్టతను.

"నాన్నా, మన బైబిలులో నా పేరు ఉందా?" అని మా అమ్మాయి అడిగింది.

నేను జవాబు చెప్పలేకపోయాను. మా నాన్నగారి బైబిలు ట్రంకుపెట్టె అడుగున ఉంది. ఫోనులో చదువుతున్నాము కదా అని దానిని తీయడమే మానేశాము.

ఆ వాక్యము మన చేతికి ఊరకనే రాలేదు. 1805లో లండన్ మిషన్ వారైన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ ఈ విశాఖపట్నమే వచ్చి తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయరు అనే విశ్వాసి సహాయముతో సువార్తలను తెలుగు చేశారు. క్రాన్ 1809లోను, డెగ్రాంజెస్ 1810లోను ప్రభువు సన్నిధికి చేరారు. మూడు సువార్తలు శ్రీరాంపూరులో అచ్చయినది 1812లో. ఆ అచ్చుపుస్తకమును వారు కండ్లారా చూడలేదు.

ఆ బైబిలును కొని, ఆ కుటుంబము వారెవరైనా దొరుకుతారేమోనని మా పాస్టరుగారికి అప్పగించాను.

ఆ రాత్రి ట్రంకుపెట్టె తెరిచాము. అమ్మకు చదువు రాదు గాని తేదీలన్నీ నోటికే వచ్చు. ఆమె చెబుతుంటే మా అమ్మాయి రాసింది. చివరికి అమ్మ కాసేపు ఆగి, "నీకంటే ముందు ఒక బాబు పుట్టాడు. తొమ్మిది రోజులే ఉన్నాడు. అప్పుడు మీ నాన్న వేటకెళ్లారు. ఎవరూ రాయలేదు" అంది.

నాకు ఒక అన్న ఉన్నాడని ఇంత వయసులో తెలిసింది. ఆ పేరు కూడా రాసి, అందరమూ మోకరించాము.

ప్రియులారా, ఎవరూ ముట్టని వస్తువే కొట్టుకు చేరుతుంది. ఈ నెల మీ ఇంటి బైబిలును బయటికి తీయండి. పెద్దలను అడిగి పేర్లు రాయండి. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయమును పిల్లలచేత చదివించండి. పెద్దవారు మన మధ్య ఉండగానే ఈ పని చేయుదము. ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.