సున్నా వడ్డీతో ఇంటి అప్పు తీరుతుందా?

పోయిన ఆదివారం పదకొండింటికి మా కింది ఫ్లాట్ బాబాయిగారు ఫోన్ పట్టుకుని మా ఇంటికొచ్చారు. వాళ్లమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. ఆమె పంపిన మెసేజీ చూపించారు. 'నాన్నా, క్రెడిట్ కార్డు వాళ్లు సున్నా వడ్డీకి 20 వేల డాలర్లు ఇస్తామంటున్నారు. 18 నెలల టైము. ఇంటి లోను సరిగ్గా అంతే మిగిలింది. సంక్రాంతి అయ్యాక మీరు వచ్చేసరికి అప్పులేని ఇల్లు చూపిస్తాను. తీర్చేయమంటారా?' అని ఉంది.

'సున్నా వడ్డీ అంటే ఉత్తినే ఇచ్చినట్టే కదమ్మా! ఇందులో ఆలోచించేదేముంది?' అన్నారు, కాఫీ గ్లాసు అందుకుంటూ.

ఆయన సంతోషం చూశాక వెంటనే కాదనబుద్ధి కాలేదు. కానీ నాకు మా పెదనాన్నగారి అబ్బాయి గుర్తొచ్చాడు. 'అమ్మాయి ఇంటి లోను వడ్డీ ఎంత బాబాయిగారూ?' అని అడిగాను. 'అది అడగలేదు. ఇప్పుడు వాళ్లు పడుకునే వేళ. సాయంత్రం కనుక్కుంటాను' అన్నారు. ఆ సాయంత్రం లోపు ఆయనకు చెప్పిన లెక్కలే ఈ వారం మీకూ చెబుతున్నాను. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లకే కాదు, ఇక్కడ ఈఎంఐలు కట్టుకుంటున్న వాళ్లకూ పనికొస్తాయి.

ఎలా ఇస్తారు?

అమెరికాలో కార్డు కంపెనీలు 'బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్' అని ఒక సదుపాయం ఇస్తాయి. వేరే కార్డు మీదున్న బాకీని మా కార్డుకు మార్చుకోండి, ఇన్ని నెలలు వడ్డీ ఉండదు అంటాయి. గడువు సాధారణంగా 12 నుంచి 21 నెలలు. కొన్ని కంపెనీలు దీనికోసం చెక్కులు కూడా పంపుతాయి, లేదా డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో వేస్తాయి. ఆ డబ్బుతో ఇంటి లోను కట్టినా అడిగేవాళ్లుండరు. కిటుకంతా ఇదే. వడ్డీ ఉన్న అప్పును వడ్డీ లేని అప్పుతో తీర్చేయడం.

వడ్డీ లేదన్నారు కానీ ఫీజు లేదనలేదు. తీసుకున్న మొత్తం మీద 3 నుంచి 5 శాతం దాకా ముందే ఫీజు పడుతుంది. అది కూడా బాకీలోనే కలిసిపోతుంది కాబట్టి చేతి నుంచి పోయినట్టు అనిపించదు.

కాగితం మీద పెట్టి చూద్దాం

ఇంటి లోను 20 వేల డాలర్లు మిగిలింది, వడ్డీ 6.5 శాతం అనుకుందాం. కార్డు జోలికి పోకుండా ఆ లోనునే 18 నెలల్లో తీర్చేయాలంటే నెలకు దాదాపు 1,169 డాలర్లు కట్టాలి. మొత్తం వడ్డీ సుమారు 1,045 డాలర్లు.

ఇప్పుడు కార్డు దారి చూద్దాం. ఫీజు 3 శాతమైతే 600 డాలర్లు. అంటే మిగిలేది 445 డాలర్లు. ఫీజు 5 శాతమైతే వెయ్యి డాలర్లు. అప్పుడు మిగిలేది 45 డాలర్లే! ఏడాదిన్నర పాటు తారీఖులు గుర్తుపెట్టుకుని, గుండె చేత్తో పట్టుకుని తిరిగినందుకు నలుగురు హోటలుకు వెళ్లి తినేంత డబ్బు కూడా రాదన్నమాట.

20 వేల అప్పుకు వడ్డీ ఎక్కువ ఉంటుందని మనం అనుకుంటాం. నెలనెలా అసలు తగ్గిపోతుంటే వడ్డీ కూడా తగ్గుతూ వస్తుందన్న సంగతి మర్చిపోతాం. ఫీజు మాత్రం అలా కాదు. మొదటి రోజునే మొత్తం 20 వేల మీదా పడుతుంది.

ఇక అసలు ప్రశ్న... 18 నెలల్లో తీరకపోతే? గడువు అయ్యేనాటికి ఇంకా 12 వేలు మిగిలాయనుకోండి. ఆ రోజు నుంచి మామూలు కార్డు వడ్డీ మొదలవుతుంది. 22 శాతం వేసుకున్నా నెలకు 220 డాలర్లు. ఏడాదిన్నర కష్టపడి మిగుల్చుకున్న 445 డాలర్లు రెండు నెలల్లో హరించుకుపోతాయి. 'ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య' అని మనం మనుషుల గురించి అంటుంటాం. సున్నా వడ్డీ కార్డుకు అది ఇంకా బాగా నప్పుతుంది.

మా అన్నయ్య చేసిన పని

2008లో నేను ఇంటర్ చదువుతున్నాను. మా పెదనాన్నగారి అబ్బాయి అప్పటికే అమెరికాలో స్థిరపడ్డాడు. లెక్కల్లో మహా చురుకు. ఆ ఏడాది వేసవిలో రెండు కార్డుల మీద సున్నా వడ్డీకి 24 వేల డాలర్లు తీసుకుని ఇంటి లోనుకు జమ చేశాడు. పెదనాన్నగారు ఊళ్లో అందరికీ చెప్పుకున్నారు, 'మావాడు బ్యాంకు సొమ్ముతోనే బ్యాంకు అప్పు తీరుస్తున్నాడు' అని.

2009 ఫిబ్రవరిలో అన్నయ్య ఉద్యోగం పోయింది. అప్పటికి కార్డుల మీద ఇంకా 18 వేలు ఉన్నాయి. కంగారులో ఒక కార్డు వాయిదా ఆలస్యమైంది. ఆ కార్డు వడ్డీ 29 శాతానికి వెళ్లింది. ఒక చోట ఆలస్యమైతే మరో కార్డు వాళ్లు కూడా వడ్డీ పెంచే పద్ధతి అప్పట్లో అక్కడ చెల్లుబాటయ్యేది. రెండోదీ పెరిగింది. 18 వేల మీద 29 శాతమంటే వడ్డీయే నెలకు 435 డాలర్లు.

ఇంటి లోనుకు ముందే 24 వేలు కట్టాడు కదా, ఆ బ్యాంకు కాస్త ఆగదా అని మీకు అనిపించవచ్చు. మాకూ అనిపించింది. ఆగదు. అసలులో ఎంత ముందుగా కట్టినా వచ్చే నెల వాయిదా వచ్చే నెల కట్టాల్సిందే. కట్టిన డబ్బు వెనక్కి ఇమ్మంటే ఇవ్వరు. ఇంటి విలువను చూపించి మళ్లీ అప్పు తెచ్చుకుందామంటే, ఇళ్ల ధరలు పడిపోయి అక్కడి బ్యాంకులు అలాంటి అప్పులను చాలామందికి ఆపేసిన రోజులవి. ఇంట్లో 24 వేల డాలర్ల విలువ పెరిగి ఉంది. చేతిలో మాత్రం కిరాణాకు డబ్బుల్లేవు.

చివరికి పెదనాన్నగారు ఊళ్లో అర ఎకరం అమ్మి పంపారు. ఇల్లు నిలిచింది. ఆ తర్వాత ఆయన ఊళ్లో బ్యాంకు సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. వదిన ఇప్పటికీ ఒక మాట అంటుంది. 'లోను వాళ్లకు ముప్పై ఏళ్ల ఓపిక ఉంది. మేమే పోయి పన్నెండు నెలల ఓపిక ఉన్నవాడి దగ్గర తెచ్చుకున్నాం' అని. నేను చదివిన ఏ ఆర్థిక పాఠంలోనూ ఇంత సూటిగా లేదు.

ఇప్పుడు రూల్స్ మారాయి కానీ...

2009 మేలో అమెరికా కార్డు చట్టం తెచ్చింది. అందులో ముఖ్యమైన నిబంధనలు 2010 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చాయి. ఆశపెట్టే తక్కువ వడ్డీ కనీసం ఆరు నెలలుండాలి. వేరే కార్డుకు ఆలస్యమైందని ఈ కార్డు పాత బాకీ మీద వడ్డీ పెంచకూడదు. కానీ ఇదే కార్డుకు 60 రోజులు కట్టకపోతే పాత బాకీ మీదా పెంచొచ్చు. గడువు దాటిన రోజున మామూలు వడ్డీ వేయకుండా ఏ చట్టమూ ఆపదు.

చాలామంది గమనించని సంగతి ఇంకోటుంది. అదే కార్డుతో సరుకులు కొంటే, ట్రాన్స్‌ఫర్ బాకీ ఉన్నంతకాలం ఆ కొనుగోళ్లకు దొరికే వడ్డీ లేని రోజులు సాధారణంగా పోతాయి. కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. కార్డు పరిమితిలో ఎక్కువ భాగం వాడేస్తే క్రెడిట్ స్కోరు కూడా తగ్గుతుంది.

మరి ఇది ఎవరికీ పనికిరాదా? పనికొచ్చేవాళ్లున్నారు. తీర్చాల్సిన మొత్తం ఇప్పటికే డిపాజిట్‌లో ఉండి, అది గడువులోపు చేతికి వస్తుందని ఖాయంగా తెలిసినవాళ్లు, ఇంటి లోను వడ్డీ ఫీజుకన్నా బాగా ఎక్కువున్నవాళ్లు చేసుకోవచ్చు. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా దాచుకున్నాకే సుమా! ఉద్యోగం మీద నమ్మకంతో మాత్రం చేయకూడదు.

మన దగ్గర సంగతి

'బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్' అన్న మాట ఇక్కడ రెండు పనులకు వాడతారు. రెండూ కలిపేసుకుని మోసపోయేవాళ్లున్నారు.

ఒకటి, ఒక కార్డు బాకీని ఇంకో బ్యాంకు కార్డుకు మార్చుకోవడం. దాంతోపాటే 'మీ కార్డు మీద లోను రెడీగా ఉంది' అని మధ్యాహ్నం నిద్రలో వచ్చే ఫోన్లు. 'నెలకు ఒకటిన్నర శాతమే మేడమ్' అంటారు. అది ఏడాదికి 18 శాతం! ఆ డబ్బుతో 8.5 శాతం ఇంటి లోను తీర్చడమంటే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. ఇక కార్డు బాకీ పూర్తిగా కట్టలేకపోతే వడ్డీ నెలకు 3.5 శాతం దాకా ఉండటం మామూలే. 3 లక్షల బాకీకి నెలకు 10,500 రూపాయల వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,890. అదే 3 లక్షలకు ఇంటి లోనులో నెల వడ్డీ 2,125 రూపాయలు. కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం దాటకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కాబట్టి ఆ అడ్డుకట్ట కూడా లేదు.

రెండోది, ఇంటి లోనునే ఒక బ్యాంకు నుంచి తక్కువ వడ్డీ ఉన్న ఇంకో బ్యాంకుకు మార్చుకోవడం. ఇది పనికొచ్చేది. 30 లక్షలు, 20 ఏళ్లు అనుకుంటే 9.5 శాతం వడ్డీకి ఈఎంఐ 27,964 రూపాయలు. 8.5 శాతానికి 26,035. నెలకు 1,929 రూపాయల తేడా. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి లోన్లను ముందే తీర్చినా జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే బ్యాంకులకు చెప్పింది.

అయితే మారేముందు మీ బ్యాంకుకే వెళ్లి అడగండి. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త ఇంటి లోన్లలో మారే వడ్డీని రెపో రేటు లాంటి బయటి కొలమానానికి ముడిపెట్టాలి. 2025లో రెపో రేటు నాలుగు విడతల్లో 6.50 నుంచి 5.25 శాతానికి తగ్గింది. అంతకుముందు లోను తీసుకుని పాత పద్ధతిలోనే ఉండిపోయిన వాళ్లకు ఆ తగ్గుదల పూర్తిగా అంది ఉండకపోవచ్చు. కొద్దిపాటి ఫీజుతో పద్ధతి మార్చమని అడిగితే చాలాసార్లు పని అక్కడే అయిపోతుంది. వేరే బ్యాంకుకు వెళ్తే ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఒపీనియన్, మళ్లీ తనఖా రాయించే ఖర్చులు ఉంటాయి. అవన్నీ కూడి చూసుకోండి.

ఇంకా తొందరగా తీర్చాలని ఉంటే, ఎవరి దగ్గరా అప్పు చేయకుండానే తోవ ఉంది. పైన చెప్పిన 30 లక్షల లోనుకే 8.5 శాతం దగ్గర ఏడాదికి ఒక్క ఈఎంఐ అదనంగా కడుతూ పోతే మూడేళ్లకు పైగా ముందే తీరిపోతుంది. వడ్డీలో దాదాపు 6 లక్షలు మిగులుతాయి. బోనస్సో, చీటీ పాడిన డబ్బో దానికి పెట్టండి. కట్టేటప్పుడు 'ఈఎంఐ తగ్గించకండి, గడువు తగ్గించండి' అని రాసిచ్చి రసీదు తీసుకోండి.

సాయంత్రం ఏమైందంటే...

ఏడింటికి బాబాయిగారు మళ్లీ వచ్చారు. 'అమ్మాయిని అడిగానమ్మా. 2021లో వడ్డీలు బాగా తగ్గినప్పుడు లోను మార్చుకుందట. 3 శాతమేనట' అన్నారు.

ఇద్దరం కూర్చుని మళ్లీ లెక్క వేశాం. 3 శాతం లోను 18 నెలల్లో తీరిస్తే అయ్యే వడ్డీ 478 డాలర్లు. కార్డు ఫీజు తక్కువలో తక్కువ 600. అంటే సున్నా వడ్డీకి తీసుకుంటే 122 డాలర్లు ఎదురు నష్టం!

బాబాయిగారు కాగితం వంక కాసేపు చూశారు. 'అయితే సున్నా కన్నా మూడే తక్కువా?' అని నవ్వారు. తర్వాత కూతురికి మెసేజీ పెట్టారు. నాకూ చూపించారు. 'అప్పుతో ఉన్న ఇల్లయినా మాకు ఫరవాలేదు తల్లీ. నెలనెలా వీలైనంత ఎక్కువ కట్టు. మేం వచ్చేది ఇల్లు చూడ్డానికి కాదు, నిన్ను చూడ్డానికి.'