గులాబీ డంబెల్స్ మాకొద్దు

మా కాలేజీ జిమ్‌లో అమ్మాయిల టైం సాయంత్రం 5 నుంచి 6. ల్యాబ్ ఉన్న రోజు వదిలేదే 4:50కి. హాస్టల్‌కి పరిగెత్తి, బట్టలు మార్చుకుని వచ్చేసరికి ఐదుంబావు దాటుతుంది. ఆరు కాకుండానే బయట అబ్బాయిలు చేరి అద్దాల తలుపులోంచి "ఇంకా అవ్వలేదా" అన్నట్టు చూస్తుంటారు. పోనీ, ఇదంతా సర్దుకోవచ్చు. అసలు గొడవ బార్‌బెల్ దగ్గర.

అమ్మాయిలు బార్‌బెల్ ఎత్తకూడదని రూల్ ఎక్కడా రాసి లేదు. కానీ మొదటి రోజు వెళ్లగానే ట్రైనర్ గారు ట్రెడ్‌మిల్, దాని పక్కన 2 కిలోల గులాబీ రంగు డంబెల్స్ చూపించి "మీకు ఇవమ్మా" అన్నారు. స్క్వాట్ రాక్ వైపు నాలుగడుగులు వేశానో లేదో "అది వద్దమ్మా, నడుం పట్టేస్తుంది" అన్నారు. మనిషి మంచివారే, భయం కూడా నటన కాదు. అయితే మా హాస్టల్లో లిఫ్ట్ లేదు. 20 లీటర్ల వాటర్ క్యాన్‌ని మూడో అంతస్తుకి వంతులేసుకుని మేమే మోస్తాం. 20 లీటర్లంటే 20 కిలోలు. రాక్ మీదున్న ఖాళీ ఒలింపిక్ బార్ కూడా 20 కిలోలే. క్యాన్ మోసేటప్పుడు మా నడుం సంగతి ఇంతవరకు ఎవరూ అడగలేదు.

బార్ మీద నాకెందుకింత పట్టుదల అంటే మా నాయనమ్మ గురించి చెప్పాలి. నేను సెకండియర్‌లో ఉండగా ఆవిడ బాత్రూంలో జారింది. పెద్ద దెబ్బేం కాదు, గోడ పట్టుకుని కూలబడింది, అంతే. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసిన డాక్టరు గారు ఎక్స్‌రే చూపించి ఎముక గుల్లబారిపోయిందన్నారు. పెళ్లిళ్లలో వంటశాలంతా ఒక్కతే నడిపిన మనిషి, ఆ తర్వాత వాకర్ లేకుండా గుమ్మం దాటలేదు. "ఏటే, నాను పడ్డందుకిరిగిందా, ఇరిగినందుకు పడ్డానా?" అని అడిగేది, నవ్వుతూనే. నా దగ్గర జవాబు లేదు.

జవాబు వెతుక్కుంటూ ఎముకల గురించి చదివితే, తిరిగి తిరిగి మా సివిల్ బ్రాంచికే వచ్చి పడ్డాను. 1866 ప్రాంతంలో జ్యూరిక్‌లో హెర్మన్ ఫాన్ మేయర్ అనే అనాటమీ ప్రొఫెసర్, తొడ ఎముక తలభాగాన్ని నిలువుగా కోసి లోపలి సన్నటి ఎముక పోగుల బొమ్మలు గీశాడు. అవి కార్ల్ కల్మన్ కంట్లో పడ్డాయి. కల్మన్ స్ట్రక్చరల్ ఇంజనీరు, గ్రాఫిక్ స్టాటిక్స్‌లో పెద్ద పేరు. ఆ పోగులు వంగిన తీరు క్రేన్‌లో ప్రిన్సిపల్ స్ట్రెస్ గీతలు నడిచే తీరులాగే ఉందని ఆయన పోల్చుకున్నాడు. 1892లో బెర్లిన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లి, మోసే బరువుని బట్టి ఎముక తనని తాను మార్చుకుంటుందని పుస్తకమే రాశాడు. క్రేన్ పోలిక అచ్చుగుద్దినట్టు సరిపోదని తర్వాతివాళ్లు తేల్చారు గానీ అసలు మాట మాత్రం నిలబడింది.

మనం కాంక్రీట్ బీమ్ డిజైన్ చేసి పోసేస్తే అది అంతే. పైన ఎంత లోడ్ పెట్టినా బీమ్ తనంతట తాను ఇంకో రాడ్ వేసుకోదు. ఎముక వేసుకుంటుంది! లోపలి కణాలు వంపుని, ఒత్తిడిని పసిగడతాయి. లోడ్ పెరిగిన చోట కొత్త ఎముక కడతాయి, లోడ్ లేని చోట ఉన్నదాన్ని కరిగించేస్తాయి. బరువన్నది లేని అంతరిక్షంలో వ్యోమగాములకి తుంటి దగ్గర ఎముక సాంద్రత నెలకి 1 శాతానికి పైనే పోయేది. అందుకే స్పేస్ స్టేషన్‌లో వ్యాక్యూమ్ సిలిండర్లతో పనిచేసే మెషీన్ పెట్టి వాళ్లతో స్క్వాట్లు, డెడ్‌లిఫ్ట్‌లు చేయిస్తున్నారు.

ఇక్కడ ఇంకో విషయం ఉంది. ఎముక అలవాటైన లోడ్‌ని పట్టించుకోదు. మామూలుగా నడుస్తున్నప్పుడే తుంటి కీలు మీద శరీర బరువుకి రెండున్నర రెట్లు దాకా పడుతుంది (ఒంటికాలి మీద ఉన్నప్పుడు కీలు చుట్టూ మూమెంట్స్ బ్యాలెన్స్ చేసి చూడండి, కండరం ఎంత లాగాలో అర్థమవుతుంది). రోజూ అంత మోసే ఎముకకి 2 కిలోల గులాబీ డంబెల్ ఏం ఆనుతుంది? కండరం కూడా అంతే. చిన్న పనికి నాడీ వ్యవస్థ చిన్న మోటార్ యూనిట్లనే పిలుస్తుంది. పెద్దవాటిని లేపాలంటే బరువు పెద్దదైనా అవ్వాలి, ఓపిక అయిపోయేదాకా ఎత్తడమైనా చెయ్యాలి.

పైగా ఈ వయసు మళ్లీ రాదు. మన ఎముకల నిల్వలో చాలావరకు 20 ఏళ్లలోపే పోగవుతుంది, ముప్పై దాటకుండానే ఆ ఖాతా నిండటం ఆగిపోతుంది. ఆ తర్వాత తీసుకోవడమే. మెనోపాజ్ తర్వాత ఆడవాళ్లకి ఆ తీసుకోవడం ఒక్కసారిగా పెరుగుతుంది. అంటే నాయనమ్మ తుంటికి కావలసిన డిపాజిట్ ఆవిడకి మన వయసున్నప్పుడు వెయ్యాల్సింది. మరి అదే వయసులో మేమేం చేస్తున్నాం? సన్నబడాలని రాత్రి మెస్ మానేసి యాపిల్ తింటున్నాం. తిండి మరీ తగ్గి నెలసరి ఆగిపోతే "హమ్మయ్య, ఈ నెల గొడవ లేదు" అనుకునేవాళ్లు మా ఫ్లోర్‌లోనే ఉన్నారు. అది ఈస్ట్రోజెన్ పడిపోయిందని చెప్పే గుర్తు కావచ్చు, దానితోపాటు ఎముక కూడా కరుగుతుంది. నెలసరి ఆగితే సంతోషించకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండే బాబూ.

ట్రైనర్ గారి "నడుం పట్టేస్తుంది"కి జవాబు ఆస్ట్రేలియాలో దొరికింది. 2018లో అచ్చయిన లిఫ్ట్‌మోర్ అనే ప్రయోగంలో, మెనోపాజ్ దాటి, ఎముక బలం తగ్గిన 101 మంది ఆడవాళ్లని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి ఇంటిదగ్గర తేలిక వ్యాయామం. రెండో జట్టుకి 8 నెలలపాటు వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, ఓవర్‌హెడ్ ప్రెస్. 5 సెట్లు, సెట్టుకి 5 రెప్స్, అదీ ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో 80-85 శాతం. బరువెత్తిన జట్టుకి వెన్నెముక దిగువన సాంద్రత 2.9 శాతం పెరిగింది, తేలిక వ్యాయామం చేసిన జట్టుకి 1.2 శాతం తగ్గింది. బరువులవల్ల వచ్చిన ఇబ్బంది మొత్తమ్మీద ఒకరికి కొద్దిగా నడుం పట్టడం. అయితే పక్కనుండి నేర్పించేవాళ్లు ఉన్నారు, బరువు మెల్లగా పెంచారు. ఆ ముక్క మర్చిపోకూడదు. అరవై దాటినవాళ్లు నేర్చుకోగలిగినది ఇరవై ఏళ్లవాళ్లం నేర్చుకోలేమా?

నా రూమ్మేట్ భయం వేరు. "మగాడిలా అయిపోతావే" అంటుంది. మగవాళ్ల టెస్టోస్టిరాన్ మనకంటే పది రెట్లకి పైనే ఉంటుంది. అంత ఉండి కూడా మన క్లాసు అబ్బాయిలు రెండేళ్లుగా ప్రోటీన్ డబ్బాలు ఖాళీ చేస్తూ చేతులు ఎంత పెంచారో చూస్తూనే ఉన్నాం కదా. మొదటి కొన్ని వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం నరాలు పని నేర్చుకోవడం వల్లే, సైజు వల్ల కాదు.

మొన్న వేసవి సెలవుల్లో మా టౌన్ జిమ్‌లో నేర్చుకున్నాను. ఖాళీ బార్‌తో మొదలుపెట్టి, వారానికి రెండున్నర కిలోలు కలుపుతూ, రెండు నెలలకి 40 కిలోలతో 5 స్క్వాట్లు. అబ్బాయిలకి ఇది నవ్వులాటగా ఉండొచ్చు (వాళ్లలో సగంమంది 80 వేసుకుని పావువంతు కిందకి దిగి లేస్తారు, అది వేరే సంగతి). నా దగ్గర తారీఖులతో సహా నోట్‌బుక్ ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో గాయపడ్డ సైనికుల మోకాళ్లకి బలం తెప్పించిన డాక్టర్ థామస్ డెలార్మ్ పద్ధతి కూడా ఇదే. ఎంత ఎత్తారో కొలువు, తర్వాత కొంచెం పెంచు. సెలవులయ్యి కాలేజీకొచ్చాక ఆ నోట్‌బుక్‌లో రాయడానికి ఏమీ లేదు.

మాది శ్రీకాకుళం జిల్లా, కరణం మల్లీశ్వరి గారి ఊసవానిపేట ఉన్న జిల్లా. ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్‌లిఫ్టింగ్ మొదటిసారి పెట్టింది 2000లో, సిడ్నీలో. అక్కడ ఆవిడ 110, 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చారు. స్వర్ణానికీ తేడా రెండున్నర కిలోలే. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. స్కూల్లో ఇదంతా మాతో జీకే బిట్‌గా బట్టీ పట్టించారు. ఆ బార్ ఎలా ఉంటుందో మాత్రం నాకు ఇరవయ్యో ఏట తెలిసింది.

మేం అడిగేది పెద్ద ఖర్చేం కాదు. ఆడవాళ్ల కోసం చేసే 15 కిలోల బార్ ఒకటి, కిలోంబావు ప్లేట్లు రెండు జతలు. మా గంటలో రాక్ మాకు వదలడం. మొదటి నెల ట్రైనర్ గారు స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ దగ్గరుండి నేర్పడం, ఆయనకి రాకపోతే నేర్చుకుని రావడం. కుదిరితే ఉదయం 6 నుంచి 7 ఇంకో గంట, ల్యాబ్ బ్యాచ్‌ల కోసం.

ఉత్తరం రాశాం. లైబ్రరీ మెట్ల దగ్గర నోటీస్ బోర్డు కింద ఫైల్లో ఉంది. ఈ శుక్రవారం దాకా సంతకాలు తీసుకుని పీడీ సార్‌కి ఇస్తాం. అబ్బాయిలు కూడా పెట్టొచ్చు. పెన్ను మీరే తెచ్చుకోండి, దారం కట్టి పెట్టిన పెన్ను రెండో రోజే ఎవరో పట్టుకుపోయారు.