కౌలు బాధ చెప్పిన ఆట



సెలవులకు చిలకలూరిపేటలోని మా ఇంటికి పిల్లలు చేరితే ముందుగా అటక మీద నుండి దింపేది బిజినెస్ ఆట పెట్టె. మొన్న గంట తిరగకముందే పెద్దవాడు ఊళ్లన్నీ కొనేశాడు. చిన్నది పాచిక వేసి ఎక్కడ ఆగినా అద్దె కట్టవలసిందే. చేతిలో నోట్లన్నీ అయిపోయాక, "ఈ ఆటలో న్యాయం లేదు" అని ఏడ్చింది. సరిగ్గా ఆ మాట అనిపించడానికే ఒకామె ఈ ఆటకు మూలమైన ఆటను తయారుచేసిందని మేము వాళ్లకు చెప్పాము.

ఆమె పేరు ఎలిజబెత్ మేగీ. 1866లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టింది. షార్ట్‌హాండు, టైపు పనితో జీవనం సాగించింది. భూమి మీద వచ్చే ఆదాయం కొద్దిమంది చేతుల్లో పోగుపడడమే పేదరికానికి మూలమని హెన్రీ జార్జి అనే ఆర్థికవేత్త బోధించాడు. ఆ సంగతి పసిపిల్లలకు సైతం అర్థం కావాలని ఆమె "భూస్వామి ఆట" కల్పించింది. 1904 జనవరి 5న దానికి పేటెంటు వచ్చింది.

ఆ ఆటను రెండు విధాలుగా ఆడవచ్చు. మొదటి విధంలో తక్కినవారిని దివాలా తీయించినవాడే విజేత. రెండవ విధంలో ఒకరు భూమి కొన్నప్పుడల్లా అందరికీ లాభమే. అందరికంటే తక్కువ సొమ్ముతో మొదలుపెట్టినవాని సొమ్ము రెట్టింపు అయిననాడు అందరూ గెలిచినట్టు.

అట్లాంటిక్ సిటీలోని క్వేకరు విశ్వాసులు తమ ఊరి వీధుల పేర్లు పెట్టుకొని ఈ ఆట ఆడుకున్నారు. చేతులు మారి అది చార్లెస్ డారో అనే నిరుద్యోగికి చేరింది. తానే కనిపెట్టానని చెప్పి అతడు దాన్ని పార్కర్ బ్రదర్స్ కంపెనీకి అమ్మాడు. 1935లో అది "మోనోపలీ" పేరుతో ఆ కంపెనీ నుండి వెలువడింది. అందులో రెండవ విధం లేదు. డారో ధనవంతుడయ్యాడు. అదే ఏట మేగీ పేటెంటుకు కంపెనీ ఇచ్చినది 500 డాలర్లు. అమ్మకాలలో వాటా లేదు. 1948లో ఆమె కన్నుమూసింది. 1970 దశకంలో రాల్ఫ్ అన్‌స్పాక్ అనే ఆచార్యుడు కోర్టు వ్యాజ్యం కోసం పాత కాగితాలు తిరగవేసినప్పుడు గాని ఆమె సంగతి బయటపడలేదు.

ఈ కథ మన నల్లరేగడి ప్రాంతానికి కొత్తది కాదు. 2021లో నల్ల తామరపురుగు పడి మిరపతోటలు పాడైన సంగతి మనకు గుర్తే. పంట పోయిందని కౌలు దానంతట అది తగ్గదు. పెట్టుబడి, రెక్కల కష్టం రెండూ కౌలు రైతువే.

ఆ సాయంత్రం పిల్లల చేత రెండవ విధంగా ఆడించాము. పెద్దవాడు మొదట సణిగాడు. ఆట ముగిశాక, "తాతయ్యా, ఆట ఆమెదైతే డబ్బు ఆయనకెందుకిచ్చారు?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేకపోయింది.

పొలం కౌలుకిచ్చిన సోదరులారా, ఈ ఏటి లెక్క చూసుకునే ముందు మా చిన్నదాని మాట ఒక్కసారి తలచుకొనండి.